పదో పుస్తకం దగ్గర ఆగిపోయా

దసరా సెలవుల్లో సోమశిల వెళ్తూ రాబర్ట్ జోర్డాన్ 'ద వీల్ ఆఫ్ టైమ్' పదో భాగం బ్యాగులో పెట్టుకున్నా. ఒడ్డున పడవ కోసం గంట కూర్చుంటే పది పేజీలు కూడా కాలేదు. నిద్ర మానుకుని తొమ్మిది భాగాలు చదివింది నేనేనా అనిపించింది.

ఎందుకిలా? తొమ్మిదో భాగం చివర్లో ఓ పెద్ద సంఘటన జరుగుతుంది. 2003లో వచ్చిన పదోది చాలావరకు, అదే సమయంలో మిగతావాళ్లు ఏం చేస్తున్నారో చెప్తుంది. కథ ముందుకి కదలదు, పక్కలకి పరుచుకుంటుంది, శ్రీశైలం డ్యామ్ కట్టాక ఇక్కడి కృష్ణలాగా. మన భాషలో చెప్పాలంటే, ఫంక్షన్లని పిలుస్తూనే పోతారు, ఒక్కటీ రిటర్న్ అవదు. అన్నీ గుర్తుపెట్టుకునే పని మాత్రం మనదే.

పొడవుని తప్పుపట్టను. మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీ మజిలీ కథలు' కూడా పన్నెండు భాగాలు, కథలో కథ, అందులో ఇంకో కథ. కానీ అక్కడ గోపడు ఊళ్లో ఏదో వింత చూసొచ్చి అడిగితేనే మణిసిద్ధుడు కథ మొదలుపెడతాడు. ప్రశ్న వినేవాడిది. ఇక్కడేమో నేను అడుగుతున్నది ఒకటి, వందల పేజీల్లో వాళ్లు చెప్తున్నది ఇంకోటి.

జోర్డాన్ 2007లో చనిపోయారు. బ్రాండన్ శాండర్సన్ 2013లో పద్నాలుగో భాగంతో పూర్తిచేశారు. అంటే ముగింపు ఉంది. ఇంటర్నెట్‌లో చదివేయొచ్చు కదా అంటాడు మా రూమ్మేట్. చదవలేదు. తెలుసుకోవాలని ఇంకా ఉందో లేదో నాకే తేలట్లేదు.