టర్బో పోయిందా? విప్పే ముందు పైపులు చూడండి

డీజిల్ కారుకు పికప్ తగ్గి పొగ మొదలైతే షెడ్డులో మొదట వినబడే మాట ‘టర్బో పోయింది’. ఖర్చు వినగానే కొందరికి రిపేర్ కిట్ తెప్పించుకుని ఇంట్లోనే విప్పేద్దామనిపిస్తుంది. స్పానర్ పట్టేముందు కొన్ని సంగతులు.

అపోహ: షాఫ్ట్ కాస్త ఆడితే టర్బో పని అయిపోయినట్టే.

వాస్తవం: చాలా టర్బోల్లో షాఫ్ట్ తిరిగేది ఆయిల్ పొర మీద తేలుతూనే. పొడిగా ఉన్నప్పుడు వేళ్లతో కదిపితే పక్కలకు కొంచెం ఊగడం మామూలే. షాఫ్ట్ చివరి చక్రం టర్బో లోపలి గోడకు తగలకపోతే చాలు. ముందుకూ వెనక్కూ లాగితే చేతికి తెలిసేంత ఆట ఉంటే మాత్రం అనుమానించాలి.

అపోహ: ఆయిల్ కారుతోందంటే సీలు పోయినట్టే.

వాస్తవం: అక్కడ ఉండేది రబ్బరు సీలు కాదు, పిస్టన్ రింగు లాంటి సన్నటి లోహపు రింగు. టర్బోలోకి ఆయిల్ ఒత్తిడితో వస్తుంది కానీ కిందికి దిగేది దాని బరువుతోనే. ఆ రిటర్న్ పైపు మసితో పూడినా, ఇంజన్ బ్రీదర్ మూసుకున్నా ఆయిల్ రింగులు దాటి బయటపడుతుంది. అప్పుడు కొత్త టర్బో బిగించినా కారుతుంది. రిటర్న్ పైపు, బ్రీదర్ మూసుకున్నాయేమో చూడడానికి ఏ నిపుణుడూ అక్కర్లేదు, ఒక ఆదివారం పొద్దున్న చాలు.

అపోహ: బేరింగులు, రింగులు మార్చి బిగిస్తే సరి.

వాస్తవం: ఇంట్లో చేసే రిపేరు ఆగిపోయేది ఇక్కడే. చిన్న కారు టర్బో నిమిషానికి 2 లక్షల చుట్ల వరకూ తిరుగుతుంది, అంటే సెకనుకు 3 వేలకు పైనే. ఆ వేగంలో కంటికి కనిపించని బరువు తేడా కూడా కొత్త బేరింగులను తినేస్తుంది. అందుకే మంచి షాపులో విడిభాగాలను బ్యాలెన్స్ చేశాక, మొత్తం కోర్‌ను, అంటే షాఫ్ట్, చక్రాలు, బేరింగులు ఉన్న మధ్య భాగాన్ని, మెషిన్ మీద ఆయిల్ పోస్తూ తిప్పి మళ్లీ చూస్తారు. మీరిచ్చే డబ్బులో అసలు విలువ దానిదే. విప్పేముందు నట్టు, చక్రం, షాఫ్ట్ మీద గీతలు పెట్టుకుని అదే వరసలో బిగించే పాత చిట్కా ఉంది. పాత చక్రాన్నీ షాఫ్ట్‌నూ మార్చనప్పుడే దానికి అర్థం. అన్నట్టు, ఆ నట్టుకు చాలాసార్లు ఎడమ మర ఉంటుంది. తెలియక తిప్పితే షాఫ్ట్ విరగొచ్చు.

టర్బోలన్నీ ఒకటే అనుకోవడమూ పొరపాటే. మన రోడ్ల మీద బాగా తిరిగిన 1.3 మల్టీజెట్ ఇంజన్‌నే తీసుకోండి. 75 హార్స్‌పవర్ రకంలో టర్బో సాదాది. 90 రకంలో రెక్కలు కదిలే వీజీటీ. ఆ రెక్కల స్టాప్ స్క్రూను గాలి ప్రవాహం కొలిచే ఫ్లో బెంచ్ మీద సెట్ చేస్తారు. ఇంట్లో దాన్ని ముట్టుకోవద్దు.

అపోహ: అయితే అంతా మనమే చేయాలి, లేదా అంతా షాపుకే వదిలేయాలి.

వాస్తవం: మధ్యదారి ఉంది. టర్బో దింపడం, ఎక్కించడం మీరే చేసుకుని కోర్‌ను మాత్రం షాపుకివ్వండి, లేదా బ్యాలెన్స్ చేసిన కోర్ కొనండి. బ్యాలెన్స్ రిపోర్టు అడగండి. ఇవ్వడానికి నసిగే షాపును నేనైతే నమ్మను.

అపోహ: కొత్తది పడింది, ఇక దిగులు లేదు.

వాస్తవం: పాతదాన్ని చంపిన కారణం తరచూ టర్బో బయటే ఉంటుంది. ఆయిల్ ఫీడ్ పైపును కడగడం కన్నా మార్చడం మేలు. ఆయిల్ దారుల్లో గాస్కెట్‌కు బదులు సిలికాన్ పూయకండి, ఊడిన ముక్క దారికి అడ్డం పడుతుంది. ఇంటర్‌కూలర్‌లో నిలిచిన ఆయిల్ వంపేయండి. డీజిల్ ఇంజన్ దాన్నే తాగి, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తగలదు. చివరగా టర్బోకు ఆయిల్ వచ్చే రంధ్రంలో కొంచెం శుభ్రమైన ఆయిల్ పోసి, ఇంజన్ అందుకోకుండా కాసేపు సెల్ఫ్ కొట్టి, ఆ తర్వాత స్టార్ట్ చేయండి. మొదటి కొన్ని నిమిషాలు యాక్సిలరేటర్ జోలికి వెళ్లొద్దు.