విరాళాలపై ఆధారపడని కంటి వైద్యం

విరాళాలు తగ్గితే లాభాపేక్ష లేని సంస్థల సేవలు కుంటుపడతాయి. ఈ చిక్కుకు సామాజిక వ్యాపార విధానం చూపిన పరిష్కారానికి మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి నిదర్శనం. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో దీన్ని ప్రారంభించారు. రుసుము చెల్లించగల రోగుల నుంచి వచ్చే ఆదాయంతోనే ఇక్కడ పేదలకు ఉచితంగా లేదా నామమాత్రపు ధరకు శుక్లాల శస్త్రచికిత్సలు చేస్తారు. వసతుల్లో తేడా ఉన్నా, వైద్యం ఇరువురికీ ఒకటే.

శిక్షణ పొందిన గ్రామీణ యువతులు పరీక్షలు, ఇతర ఏర్పాట్లు చూసుకోవడంతో వైద్యుల సమయం శస్త్రచికిత్సలకే దక్కి, ఖర్చు తగ్గుతోంది. దిగుమతి లెన్సులు పేదలకు అందనంత ఖరీదు కావడంతో, 1992లో ఆరోల్యాబ్‌ను నెలకొల్పి చౌకగా తయారుచేయసాగారు. ప్రస్తుతం తిరుపతిలోనూ అరవింద్ ఆసుపత్రి ఉంది.

అయితే ఈ విధానం నిలవాలంటే డబ్బు చెల్లించేవారు తగినంత మంది రావాలి. నాణ్యతపై నమ్మకం సడలితే ముందుగా దూరమయ్యేది వారే; ఆ భారం చివరకు పడేది పేదలపైనే.