అద్దె గదైనా నాడి చూడాలి
కువైట్ గదుల్లో కనిపించే లోపాలు, అవి పెంచే ఖర్చులు

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉంటున్న ఆరంతస్తుల భవనానికి నిప్పంటుకుంది. దాదాపు 50 మంది చనిపోయారు. రెండు రోజుల తర్వాత వాయుసేన విమానం 45 మంది భారతీయుల మృతదేహాలను కొచ్చికి చేర్చింది. వారిలో ముగ్గురు మన శ్రీకాకుళం, గోదావరి జిల్లాల నుంచి పొట్టకూటికి వెళ్లినవాళ్లు. కింది అంతస్తులో హారిస్, అంటే కాపలాదారు, ఉండే గదిలో కరెంటు లోపం వల్ల మంట పుట్టిందని అక్కడి అగ్నిమాపక దళం తేల్చింది. గదులను విడదీయడానికి పెట్టిన పార్టిషన్లు తేలిగ్గా మండే సరుకు కావడంతో పొగ దట్టంగా కమ్మేసింది. డాబా మీదికి వెళ్లి ప్రాణాలు దక్కించుకుందామంటే అక్కడి తలుపుకు తాళం ఉంది. ఎక్కువమందిని బలి తీసుకున్నది పొగే. వైరింగు లోపం పట్టుకోవాలంటే ఎలక్ట్రీషియన్ కావాలి. పార్టిషన్ దేంతో చేశారో, డాబా తలుపు తెరుచుకుంటుందో లేదో తెలుసుకోవడానికి మాత్రం ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు ఎవరివి అన్నదే అసలు ప్రశ్న.

ఇంటి తనిఖీ అనగానే ఇల్లు కొనేవాడి పని అనుకుంటాం. కువైట్‌లో మనవాళ్లకు ఆ అవసరమే రాదు, ఎందుకంటే అక్కడ భారతీయులకు ఇల్లు కొనుక్కునే వీలు లేదు. ఫర్వానియాలో ఉన్నా, జలీబ్‌లో ఉన్నా, మెహబూలాలో ఉన్నా ఉండేది అద్దె ఫ్లాటు, బెడ్ స్పేస్ అంటే పడకకు మాత్రమే అద్దె కట్టే చోటు, లేదంటే కంపెనీ ఇచ్చిన గది. నాది కాని గోడ గురించి నాకెందుకు అనుకోవడం దీంతో అలవాటైపోయింది. కాగితం మీద గోడ ఎవరిదైనా, దాని కింద నిద్రపోయేవాడిదే ప్రాణం. అందుకే తనిఖీ మొదట నిద్రపోయేవాడు చేయవలసిన పని. ఆ పని ఎంత ముందు జరిగితే ఖర్చు అంత తగ్గుతుంది.

ముందు కరెంటు సంగతి చూద్దాం. 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల వేడి నమోదైంది. అలాంటి దేశంలో ఏసీ లేకుండా బతకలేం, ఎండాకాలమంతా అది రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది. అక్కడి మూడు పలకల పిన్నుల ప్లగ్గు 13 ఆంపియర్లకు మించి మోయదు. 240 వోల్టుల దగ్గర లెక్కేస్తే అది దాదాపు 3,100 వాట్లు. ఒక విండో ఏసీయే 2,000 వాట్ల దాకా లాగుతుంది. అదే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఇంకో 2,000 వాట్ల కెటిల్ తగిలిస్తే హద్దు దాటినట్టే. ప్లగ్గు ముట్టుకుంటే కాలడం, సాకెట్ చుట్టూ గోధుమరంగు మరక, కాలిన ప్లాస్టిక్ వాసన, బ్రేకర్ మాటిమాటికీ పడిపోవడం దీనికి గుర్తులు. ఈ దశలో సాకెట్టు, ప్లగ్గు మార్చి ఏసీని ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి వేరుచేస్తే ఒకటి రెండు దినార్ల సామానుతో పోతుంది. పట్టించుకోకుండా పెద్ద బ్రేకర్ వేయించడమో, ఫ్యూజు స్థానంలో రాగితీగ చుట్టడమో చేస్తే గోడలోని తీగకు ఉన్న ఒక్క కాపలా కూడా పోతుంది. తర్వాత ఫ్లాటంతా కొత్తగా వైరింగ్ చేయించాలంటే అది వందల దినార్ల మాట.

నీరు చేసే నష్టం ఇంకా నెమ్మదిగా జరుగుతుంది. ఏసీ నీళ్ల గొట్టం గోడకు కారడం, పై ఫ్లాటు స్నానాలగదిలో టైల్స్ మధ్య సందులు విడిపోవడం, డాబా మీది ట్యాంకు పొంగిపోవడం మామూలుగా కనిపించేవే. వీటివల్ల వచ్చే చెమ్మ కాంక్రీటులోకి ఇంకుతుంది. కువైట్ సముద్రపు గాలిలోనూ, తీరపు నేలలోనూ ఉప్పు ఎక్కువ. చెమ్మ, ఉప్పు, గాలి కలిసి లోపలి ఇనుప చువ్వను చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి కాంక్రీటును లోపలినుంచి నెట్టి పగలగొడుతుంది. మనం పెచ్చులూడుతున్నాయి అనేది దీన్నే. దాని మీద సిమెంటు పూసి సున్నం వేస్తే గుర్తు చెరిగిపోతుంది, లోపల రోగం అలాగే ఉంటుంది. కాంక్రీటు కట్టడాల ఖర్చుల గురించి డి సిట్టర్ అనే ఇంజనీరు 1984లో ఐదుల లెక్క ఒకటి చెప్పాడు. కట్టేటప్పుడు ఒక రూపాయితో సరిపోయేది, తుప్పు మొదలవకముందు జాగ్రత్తపడితే ఐదు రూపాయలవుతుంది. తుప్పు పట్టాక అక్కడక్కడ బాగుచేయడానికి పాతిక, ముదిరిపోయాక నూట పాతిక అవుతుంది. ఇది ఉజ్జాయింపు సూత్రమే కానీ ఖర్చు ఎటు పోతుందో బాగా చూపిస్తుంది. 2024లో దినారు దాదాపు 270 రూపాయలు. ఆ లెక్కన ఒక దినారుతో పోయే పని చివరికి 33 వేల రూపాయలు దాటుతుంది.

మరమ్మతు ఓనర్ బాధ్యత కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, కువైట్ 1978 అద్దె చట్టం ప్రకారం అవసరమైన మరమ్మతులు యజమానే చేయించాలి. కానీ మరక యజమానికి కనపడదు, ఆ గదిలో ఉండేవాడికి కనపడుతుంది. గదిలో దిగిన రోజే నాలుగు మూలలూ ఫోటో తీసి, తేదీతో సహా హారిస్‌కో ఓనర్‌కో పంపితే, ఆ లోపం మనం చేసింది కాదని చెప్పడానికి ఆధారం ఉంటుంది. నోరు విప్పితే గది పోతుంది, ఉద్యోగమూ పోతుందన్న భయం ఇంతకంటే బరువైనది. దాన్ని కొట్టిపారేయకూడదు. అందుకే ఎవరి అనుమతీ అక్కర్లేని పనులతో మొదలుపెట్టాలి: మెట్ల దారిలో సామాను తీసేయడం, ఏసీని ఎక్స్‌టెన్షన్ నుంచి తప్పించడం, గ్యాస్ బండ దగ్గర పడుకోకపోవడం. చెప్పక తప్పనిది ఒక్కరుగా కాకుండా గదివాళ్లంతా కలిసి చెప్పాలి. ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లకు తగిన వసతి ఇవ్వాలని 2015 నాటి 68వ చట్టం యజమానినే ఆదేశిస్తోంది. వినే దిక్కు లేకపోతే భారత రాయబార కార్యాలయంలోని కార్మిక విభాగం ఉంది. నిప్పురవ్వలో, పొగో కనిపిస్తే 112కు ఫోన్ చేయాలి. అయినా భారమంతా కార్మికుడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. మంగాఫ్ తర్వాత కువైట్ అధికారులు భవనాల తనిఖీలు ముమ్మరం చేశారు. అలాంటి తనిఖీ శవాలు లేచాక జరిగేది కాకుండా ఏటా జరిగేది కావాలి.

ఉండేది రెండేళ్లు, మిగిలిన ప్రతి దినారూ ఇంటికి పంపాలి, ఇక్కడ ఖర్చెందుకు అనేవాళ్లూ ఉంటారు. ఆ లెక్కే వేద్దాం. గదిలో ఎనిమిది మంది ఉండి, పొగను పసిగట్టే అలారానికి పది దినార్లు అయిందనుకున్నా తలా దినారుంపావు. ఆ అలారం కాపాడేది ఇంటికి డబ్బు పంపే మనిషిని. రాజంపేటలోనో, రాయచోటిలోనో, కోనసీమలోనో ఆ డబ్బుతో లేస్తున్న సొంత ఇంటికీ ఇదే చూపు కావాలి. గోడలకు ప్లాస్టరింగ్ చేయకముందే వైరింగు ఫోటోలు తీయించాలి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూపించుకోవాలి. డాబా మీద నీళ్లు పోయించి వాలు సరిచూసిన తర్వాతే మేస్త్రీకి చివరి బిల్లు ఇవ్వాలి. షాక్ కొట్టకుండా కాపాడే ఆర్‌సీసీబీ ఖరీదు రెండు మూడు వేల రూపాయలు, గృహప్రవేశపు భోజనాల ఖర్చులో అది ఏపాటి?

కువైట్‌లో శుక్రవారం సెలవు. ఈ శుక్రవారం వంట పొయ్యి మీద ఉన్నంతసేపట్లో ప్రతి ప్లగ్గూ చేత్తో తాకి చూడండి, స్నానాలగది పైకప్పు కేసి తలెత్తి చూడండి, చివరిమెట్టు దాకా ఎక్కి డాబా తలుపు తోసి చూడండి. అది తెరుచుకోకపోతే, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆ పూటే కనుక్కోండి.