ఇంట చదువుకొను బిడ్డ

ఎనిమిదేండ్ల బిడ్డ పెద్ద లెక్కలను నోటనే కట్టును. నాలుగు పంక్తులు వ్రాయుమన్నచో కన్నీరు పెట్టుకొనును. దీనిని సోమరితనమని తలచి కొట్టుట పెద్ద అన్యాయము. ముందుగా కన్ను, చెవి పరీక్ష చేయించి, పిమ్మట పిల్లల వైద్యునకు చూపవలెను. చురుకైన తెలివియు, అభ్యసన వైకల్యమును ఒకే బిడ్డయందుండవచ్చును. ఇట్టి వైకల్యమును, ఆటిజమును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము గుర్తించినది.

బడిలో ఇమడలేని బిడ్డకు ఇంటనే చదువు చెప్పు తల్లిదండ్రులు ఢిల్లీ పరిసరములలో కలరు. పరీక్షల మాటేమని వారి దిగులు. 1989లో ఏర్పడి, నేడు నోయిడా కేంద్రముగా నడచుచున్న జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ అందులకు ఆధారము. 14 ఏండ్లు నిండినవారు పదవ తరగతికి అచ్చట చేరి, ఐదేండ్లలో ఒక్కొక్క విషయముగా పరీక్షలు ముగించుకొనవచ్చును. వైకల్య ధ్రువపత్రమున్నచో వ్రాసిపెట్టు లేఖకుని, అదనపు సమయమును కోరవచ్చును. తోటి పిల్లలతో ఆట మాత్రము మానిపింపరాదు.