తుపాకీ ఠాణాలో... కాపలా తోటలో!
ఎన్నికలొస్తే లైసెన్సుదారులకు తప్పని తిప్పలు
కాగితం సరిగా లేకుంటే తాత తుపాకీతోనూ కేసే

హోసూరు: ఎన్నికల తేదీలు టీవీలో చెప్పగానే పార్టీల వాళ్లకు హుషారు. తుపాకీ లైసెన్సున్న రైతుకు మాత్రం ఠాణాకు పరుగు. తుపాకీ అప్పగించి, రసీదు జేబులో పెట్టుకుని ఉత్త చేతులతో ఇంటికి రావాల్సిందే. మళ్లీ అది చేతికొచ్చేదాకా తోటకు టార్చిలైటు, డప్పే దిక్కు.

2024 లోక్‌సభ ఎన్నికలనే తీసుకుంటే, షెడ్యూలు మార్చి 16న వచ్చింది. తమిళనాడులో పోలింగు ఏప్రిల్‌ 19నే అయిపోయింది. ఓట్ల లెక్కింపు మాత్రం జూన్‌ 4న. ఫలితాలు వచ్చాక వారం గడిస్తేనే తుపాకీలు తిరిగివ్వాలన్నది ఎన్నికల కమిషన్‌ నిబంధన. షెడ్యూలు రోజు నుంచి లెక్కేస్తే 87 రోజులు! కృష్ణగిరి వైపు మామిడి కోతల కాలం అందులోనే వస్తుంది. రాత్రిళ్లు తోట కాసుకునే వేళకే తుపాకీ ఠాణాలో ఉంటుంది.

అందరికీ ఒకే మంత్రమా?
నిజానికి అందరి దగ్గరా గంపగుత్తగా తీసుకోమని కమిషన్‌ చెప్పలేదు. జిల్లా స్థాయిలో కమిటీ కూర్చుని ఒక్కో లైసెన్సునూ పరిశీలించాలి. బెయిలుపై ఉన్నవాళ్లు, పాత నేరచరిత్ర ఉన్నవాళ్లు, గొడవల్లో తలదూర్చినవాళ్ల తుపాకీలపై ముందుగా దృష్టి పెట్టాలి. రౌడీషీటు ఉన్నోడినీ, రాగి చేను కాచుకునేవాడినీ ఒకే గాటన కడితే ఎలాగన్నదే లైసెన్సుదారుల బాధ. పోలీసుల లెక్క వేరు. ఊళ్లో పార్టీల మధ్య మాటామాటా పెరిగిన రోజున ఇంట్లో తుపాకీ లేకపోవడమే మేలన్నది వారి వాదన. రెండింటిలోనూ న్యాయముంది. కమిటీ తన పని తాను చేస్తే సగం తగాదా తీరిపోతుంది.

అప్పగింత వేరు, రద్దు వేరు
ఠాణాలో పెట్టిన తుపాకీ ఇక తిరిగిరాదన్న భయం కొందరిలో ఉంది. అది అపోహ. ఎన్నికల అప్పగింత తాత్కాలికమే. లైసెన్సు రద్దు చేయాలంటే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం అధికారి కారణాలు రాయాలి. దానిపై అప్పీలు చేసుకునే హక్కు కూడా ఉంది. పంట కాపలా కోసం, గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు అడిగే వీలు కూడా ఆ చట్టంలోనే ఉంది. పోలీసు విచారణ మాత్రం తప్పదు.

లైసెన్సుంది కదా అని దేన్నిబడితే దాన్ని కాల్చడానికి లేదు. డెంకణికోట, జవళగిరి, అంచెట్టి వైపు ఏనుగులు రాగి చేలపై పడినా వాటి మీద గురిపెడితే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద జైలే. అడవి పందుల విషయంలోనూ అంతే. 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం పందుల్ని కాల్చేందుకు ఒప్పుకున్నా, అది రిజర్వు అడవికి 3 కిలోమీటర్ల అవతలే. అదీ అటవీ సిబ్బందే కాల్చాలి. రైతుకు మిగిలింది తుపాకీ చప్పుడే.

అసలు ముప్పు అటక మీదే
చాలా ఇళ్లలో తుపాకీ తాతల నాటిది. లైసెన్సు తాత పేరున ఉంటుంది. తాత పోతాడు, తుపాకీ అటకెక్కుతుంది. అప్పట్నుంచి అది ‘నాటు తుపాకీ’తో సమానం. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తుపాకీ దొరికితే శిక్ష రెండేళ్ల నుంచి అయిదేళ్ల దాకా పడుతుంది. వారసులు తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవడానికి 2016 నిబంధనల్లో దారి ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, 25 ఏళ్లుగా లైసెన్సు ఉన్నా, బతికుండగానే వారసుడికి మార్పించవచ్చు. తుపాకీ వద్దనుకుంటే ఆలస్యం చేయకుండా ఠాణాలోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి.

ఆ సవరణతోనే ఒకరికి రెండుకు మించి తుపాకీలు కుదరవని తేల్చారు. అంతకుముందు మూడు దాకా ఉండొచ్చు. లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచడం ఒక్కటే ఊరట.

గేటు దాటితే...
సరిహద్దు వాళ్లకు ఇంకో చిక్కుంది. లైసెన్సు మీద ఏ ప్రాంతం రాసి ఉందో అక్కడికే అది చెల్లుతుంది. తమిళనాడుకే ఇచ్చిన లైసెన్సుతో జూజువాడి దాటి అత్తిబెలెలో అడుగుపెట్టినా, వేపనపల్లి మీదుగా ఆంధ్రాలోని చుట్టాలింటికి తుపాకీ వెంట తీసుకెళ్లినా కేసే. అవతల పొలం ఉన్నవాళ్లు ముందే అనుమతి అడగాలి.

పక్కనున్న కర్ణాటకలోని కొడగులో కొడవలకు లైసెన్సే అక్కర్లేదు. బ్రిటిషు కాలం నాటి ఆ మినహాయింపును 2019లో కేంద్రం మరో పదేళ్లు పొడిగించింది. ఇక్కడి రైతులు అంత దూరం ఆశపడటం లేదు. వాళ్లు కోరేది తోట కాపుకొచ్చే వేళకు తుపాకీ ఇంటికి రావాలనే. ఈలోపు చేయాల్సిన పని ఒకటుంది. అటక దించి, లైసెన్సు ఎవరి పేరున ఉందో, గడువు ఎప్పటిదాకా ఉందో ఇవాళే చూసుకోవాలి.