కారు టైరు మార్చడం మనమూ నేర్చుకుందాం

కారు నడుపుకుంటూ పిల్లల్ని బడికి దింపేవాళ్లు, అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్లు ఇప్పుడు మన అనంతపురంలోనూ ఎందరో ఉన్నారు. స్టీరింగు పట్టుకోవడం వచ్చింది, లైసెన్సూ వచ్చింది. మరి దారిలో టైరు పంక్చరైతే? ఫోను తీసి ఇంట్లోవాళ్లకి చెయ్యడం ఒక్కటే మనకు తెలిసిన ఉపాయం!

గుత్తి నుంచి కొడికొండ చెక్‌పోస్టు దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లిన వాళ్లకు తెలుసు, ఊరికీ ఊరికీ మధ్య నిలబడడానికి నీడ దొరకని చోట్లు ఎన్నో. పల్లెదారి పట్టామంటే సర్కారు తుమ్మ ముళ్లు సరేసరి. అందుకే ఈ పని మనకూ రావాలి. బలంతో అయ్యేది కాదిది, వరస తప్పకుండా చేస్తే అయ్యేది. వరస తప్పితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. చిన్న కారు కూడా ఎనిమిది తొమ్మిది వందల కిలోలు ఉంటుందని మరిచిపోకండి.

కావలసినవి

స్టెప్నీ, జాకీ, దాన్ని తిప్పే కడ్డీ, నట్లు విప్పే పానా, ఎర్రటి త్రికోణం బోర్డు. ఇవి డిక్కీలోనే ఉంటాయి. ఎక్కడున్నాయో ఈ రోజే చూసుకోండి. ఇంట్లోంచి మనం చేర్చుకోవలసినవి: అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న మందపాటి చెక్కముక్క, చక్రానికి అడ్డం పెట్టడానికి రెండు చెక్కదిమ్మెలు, మసిగుడ్డ, టార్చిలైటు, నీళ్ల సీసా.

కొన్ని కొత్త కార్లకు స్టెప్నీ ఉండదు. టైరులో గాలి తగ్గితే తెలిపే ఏర్పాటు, పంక్చరు కిట్టు ఉంటే స్టెప్నీ లేకపోయినా సరేనని 2020లో కేంద్ర ప్రభుత్వం నిబంధన మార్చింది. మీ కారులో ఏది ఉందో కొనేటప్పుడే అడగండి.

కారు ఎక్కడ ఆపాలి?

టైరు దెబ్బతిందని తెలియగానే ఉన్నచోటే ఆపకండి. మెల్లగా రోడ్డు దిగి, చదునుగా, గట్టిగా ఉన్న చోటికి తీసుకెళ్లండి. టైరు పాడైతే డబ్బు పోతుంది. పోనివ్వండి. వాలు మీద జాకీ ఎత్తవద్దు. ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడి వాన పడితే పైకి గట్టిగా కనిపించినా జాకీ దిగబడిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం మెత్తబడిన తారు రోడ్డూ అంతే. చెక్కముక్క అందుకే. తాడిపత్రి బండముక్క దొరికింది కదా అని జాకీ కింద పెట్టకండి. బరువుకి పుటుక్కున విరుగుతుంది, లేదా జాకీ దాని మీద జారుతుంది.

నాలుగు లైట్లూ వెలిగి ఆరేలా స్విచ్చి వెయ్యండి. త్రికోణం బోర్డును కారుకి వెనక కనీసం యాభై అడుగులు వేసి పెట్టండి, హైవే అయితే ఇంకా దూరం. పిల్లలతో సహా అందరూ దిగి రోడ్డుకి దూరంగా నిలబడాలి. లోపల మనుషులుండగా కారు ఎత్తకూడదు. చోటు బాగా లేదనిపించినా, చీకటి పడినా పట్టుదలకు పోకండి. జాతీయ రహదారి మీద 1033, ఎక్కడైనా ఆపదకు 112 నంబర్లు ఉన్నాయి.

చేసే విధానం

హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజను ఆపి, మొదటి గేరులో ఉంచండి. ఆటోమేటిక్ కారైతే ‘పి’లో పెట్టండి. ఎత్తబోయే చక్రానికి మూలకు మూలగా ఉన్న చక్రానికి ముందొకటి, వెనకొకటి దిమ్మెలు పెట్టండి. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వాటిలో ఒకటి గాలిలోకి లేస్తే ఆ పట్టు సగం పోయినట్టే.

గాజులు, ఉంగరాలు తీసి, కొంగు బిగించి దోపుకోండి. కారు నేల మీద ఉండగానే నట్లు వదులు చెయ్యాలి. ఎత్తాక చేస్తే ఆ ఊపుకి కారు జాకీ మీంచి జారవచ్చు. పానా పిడి ఎడమవైపు ఉండేలా పెట్టి కిందికి నొక్కండి. చేత్తో కదలకపోతే కారుని పట్టుకుని పాదంతో నొక్కండి. సగం చుట్టు తిరిగితే చాలు, పూర్తిగా విప్పవద్దు.

ఇప్పుడు జాకీ. తలుపు కింద, చక్రం పక్కగా జాకీ కోసమే చేసిన గట్టి చోటు, గాడి లాంటి గుర్తు ఉంటుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది. ఆ చోట తప్ప ఇంకెక్కడ పెట్టినా రేకు నొక్కుకుపోతుంది, కారు జారుతుంది. చెక్క మీద జాకీ నిటారుగా నిలబెట్టి, తల గాడిలో కూర్చునేదాకా తిప్పి, ఒకసారి ఆగి చూడండి. వంకరగా ఉంటే దించి మళ్లీ పెట్టండి. టైరు నేలకి రెండు మూడు వేళ్ల ఎత్తు లేచేదాకా తిప్పండి. గాలి నిండిన స్టెప్నీకి ఇంకాస్త ఎత్తు కావాలి.

చక్రం విప్పేముందు స్టెప్నీని కారు అంచు కింద, జాకీ పక్కగా పడుకోబెట్టండి. ఖర్మకాలి జాకీ జారినా కారు దాని మీద ఆగుతుంది. దాన్ని నెట్టేటప్పుడు కూడా చేతులు కారు కిందికి పోనివ్వకండి. తర్వాత నట్లు విప్పి ఒక డబ్బా మూతలో వేసుకోండి. పాత చక్రం తీసి కింద పెట్టి, స్టెప్నీని బయటికి తీసి బిగించండి. నట్టు సన్నటి వైపు చక్రంలోకి ఉండాలి. ముందు వేళ్లతో బిగించి, పాత చక్రం తీసేసి, కారు దించాకే పానాతో గట్టిగా బిగించాలి. ఈసారి పిడి కుడివైపు పెట్టి కిందికి నొక్కండి. పక్కపక్క నట్లు వరసగా బిగిస్తే చక్రం ఒరుగుతుంది. నాలుగు నట్లయితే ఎదురెదురుగా, అయిదైతే చెయ్యి ఎత్తకుండా అయిదు మూలల చుక్క ముగ్గు వేసినట్టు ఒకటి విడిచి ఒకటి బిగించండి.

తర్వాత దొరికిన మొదటి దుకాణంలో గాలి చూపించి, నట్లు మళ్లీ బిగింపించండి. చిన్న సైజు స్టెప్నీ అయితే దాని మీద రాసిన వేగం మించకండి.

ఇంట్లో ఈ మాట కచ్చితంగా చెప్పండి

కారుతో వచ్చే జాకీ చక్రం మార్చడానికే, కింద దూరి పని చెయ్యడానికి కాదు. ఆదివారం పూట “ఆయిలు కారుతోంది, ఒక్క నిమిషం చూస్తా” అని మగవాళ్లు ఆ జాకీ మీద కారు ఎత్తి కింద పడుకుంటారు. పిల్లలు బంతి కోసం దూరుతారు. ఇటుకలు పేర్చినా లాభం లేదు, అవి పగలకముందు చెప్పి పగలవు. కింద పని ఉంటే బరువుకి తగిన ఇనుప స్టాండ్లు ఉన్న మెకానిక్ షెడ్డుకి పంపండి. ఎంత విసుక్కున్నా సరే, ఈ ఒక్క విషయంలో మీ మాటే నెగ్గాలి.

తీరిక ఉన్న రోజు ఇంటి ముందు చదును నేల మీద ఒకసారి ఇదంతా చేసి చూడండి. స్టెప్నీకి నెలకొకసారి గాలి చూపించండి. అవసరం వచ్చినప్పుడు అదీ గాలి లేకుండా ఉంటే నేర్చుకున్నదంతా దండగే కదా!