డార్క్ మోడ్

నల్లని తెర, దాని మీద లేతరంగు అక్షరాలు. ఇదేమీ కొత్త పోకడ కాదు. తొలినాటి కంప్యూటర్ తెరల మీద నలుపులో ఆకుపచ్చ అక్షరాలే మెరిసేవి. కాగితాన్ని తలపించే తెల్లతెర 1984లో యాపిల్ మెకింతోష్‌తో ఇళ్లకు చేరింది. 2018లో అదే యాపిల్ తన మొజావే సాఫ్ట్‌వేర్‌లో నలుపును వెనక్కి తెచ్చింది. మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 13 అదే బాట పట్టాయి.

డార్క్ మోడ్‌తో బ్యాటరీ ఆదా అవుతుందంటారు. ఓఎల్‌ఈడీ తెరల్లో ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలుగుతుంది కాబట్టి, నల్లగా ఉన్నచోట దాదాపు విద్యుత్తే పట్టదు. వెనక నుంచి వెలుగు పడే ఎల్‌సీడీలో ఈ లాభం లేనట్టే. ఓఎల్‌ఈడీలోనూ మరీ ఆశపడక్కర్లేదు: తెర వెలుగు 30-50 శాతం ఉంటే ఆదా సగటున 3-9 శాతమేనని 2021లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చారు. పూర్తి వెలుగులో మాత్రం 39-47 శాతం.

వెబ్‌సైట్‌కు డార్క్ మోడ్‌ను జోడించడమంటే రంగులు తిరగేయడం కాదు. అలా చేస్తే ఫొటోలు నెగటివ్‌ల్లా మారతాయి. ఫోన్‌లో పాఠకుడు ఎంచుకున్న మోడ్ ఏదో, వెబ్ పేజీల రూపాన్ని నిర్దేశించే సీఎస్‌ఎస్‌లోని ‘ప్రిఫర్స్ కలర్ స్కీమ్’ చెబుతుంది. దాన్ని బట్టి రెండో రంగుల జాబితా అమలవుతుంది. చిక్కటి నలుపు కన్నా ముదురు బూడిద రంగే మేలు. ఆస్టిగ్మాటిజం అనే చూపు లోపం ఉన్నవారికి నలుపు మీద తెల్లక్షరాలు అలికినట్టు కనిపించవచ్చు. అందుకే వెనక్కి మార్చుకునే మీట తప్పనిసరి.